వేలెడు అంచు

బైండింగు చేసేవాడు పుస్తకాన్ని చదవడు, కొలుస్తాడు. పొడుగెంత, వెడల్పెంత, ఎలుక ఎంత మేర కొరికింది, చెమ్మ ఎంత మేర ఎక్కింది, అతనికి కావలసింది అంతే. లోపల ఉన్నది రాజుగారి శాసనమైనా పక్కింటివాళ్ళ కాకిలెక్కయినా అతని సూదికి ఒకటే. మన బైండరు ఈ మాటను నలభై ఏళ్ళుగా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, ఎవరో ఇచ్చిన బిరుదు చదివినట్టు చెప్పుకుంటూ వచ్చాడు. చివరికి ఆ బిరుదే అతని కొంప ముంచింది.

ఊరి చరిత్ర సంఘమని పేరు ఘనమేగానీ, ఆదివారం పూట వచ్చేది ముగ్గురు. పాత లైబ్రరీ మేడమీద పొడుగాటి గది వాళ్ళది. దానికి కిటికీలు రెండు. ఒకటి తెరుచుకోదు, ఇంకొకటి మూసుకోదు. మధ్యలో ఒక బల్ల, గోడల పొడుగునా ఇనప రాకులు, వాటి నిండా ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని కాగితం. జీతం లేదు, భత్యం లేదు. రమ్మన్నవాళ్ళూ లేరు, పొమ్మన్నవాళ్ళూ లేరు. అయినా వస్తారు, దుమ్ము దులుపుతారు, జాబితా రాస్తారు, చీకటి పడేలోపు ఇళ్ళకు పోతారు.

అధ్యక్షులు తేదీల మాస్టారు. బడి నుంచి రిటైరై పదిహేనేళ్ళయినా ఎదురుగా యాభైమంది పిల్లలున్నట్టే మాట్లాడతారు. ఎవరేం చెప్పినా దానికో తేదీ తగిలిస్తారు గనక ఆ పేరు. ఆ తేదీ తప్పని రుజువు చూపించినా ఒప్పుకోరు, ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రెండో మనిషి నర్సమ్మ. పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, రిటైరైన మర్నాడే గ్లవుజులూ పట్టకార్లూ పట్టుకుని వచ్చి సంఘంలో చేరింది. వచ్చి రెండేళ్ళయింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, కానీ చేతిలో కాగితం మాత్రం పురిటిబిడ్డంత భద్రంగా ఉంటుంది. మూడోవాడు బైండరు.

ఇరవై రెండేళ్ళ కిందట, మూతపడ్డ మిల్లును పడగొడుతున్నారని మాస్టారికి తెలిసింది. ఆఫీసు రిజిస్టర్లన్నీ చిత్తుకాగితాల తూకానికి పోతున్నాయని విని ఆయనా బైండరూ పరుగున పోయి, కాంట్రాక్టరును కాళ్ళావేళ్ళా పడి బతిమాలి, ఒక లారీడు తెచ్చుకున్నారు. నూటనలభై రిజిస్టర్లు. చెమ్మకు ఉబ్బినవి కొన్ని, అంచులు ఎలుకలు తిన్నవి కొన్ని, అట్టలూడి మొదటి కాగితాలు పోయి, ఏమిటో ఎవరిదో తెలియనివి కొన్ని. బైండరు ఆ చలికాలమంతా తన షాపు మూసుకుని, కటింగ్ మిషను కూడా ఇక్కడికే మోయించుకుని ఈ గదిలో కూర్చున్నాడు. పిండి జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపాడు. చిరిగిన కాగితాలు అతికాడు. ఇంచుమించు ఒకే కొలతవి మూడేసి నాలుగేసి ఒక్కచోట చేర్చి కుట్టాడు. అంచులు మూడు వైపులా మిషనులో పెట్టి కోసి, నీలం కాలికో గుడ్డ వేసి, నలభై ఆరు సంపుటాలు చేశాడు.

రాకులో నిలబెడితే వాటిలో ఒక్కటి ముందుకు రాదు, ఒక్కటి వెనక్కి పోదు. అంచు మీద బొటనవేలు పెడితే అద్దం మీద పెట్టినట్టు జారిపోయేది. పేపరువాళ్ళు వచ్చి, మిషను చక్రం మీద చెయ్యి వేయించి ఫొటో తీశారు. ఆ ఫొటోకు అద్దం కట్టించి మాస్టారు గదిలో గోడకు వేలాడదీశారు. అది వంకరగా ఉన్నా లేకపోయినా బైండరు వారానికొకసారి దాన్ని సరిచేసేవాడు.

చరిత్ర మీద ప్రేమతో ఇంత పాటు పడ్డాడనుకునేరు. అదేం కాదు. ఆ మిల్లు అతని అన్నను మింగింది.

అప్పటికి బైండరుకు పదిహేడేళ్ళు. తల్లీ తండ్రీ లేరు, ఉన్నది అన్నా వదినా. అన్న మిల్లులో అద్దకం సెక్షనులో పనిచేసేవాడు. ఒకరోజు ఉదయం తొమ్మిదిన్నరకు పక్క షెడ్డులో బాయిలరు పేలి, అద్దకం సెక్షను పైకప్పుతో సహా కూలిపోయింది. ఇరవై ముగ్గురు పోయారని మిల్లువాళ్ళు జాబితా వేశారు. అందులో అన్న పేరు లేదు. శిథిలాల్లో అతనిదని చెప్పగలిగింది ఏదీ దొరకలేదు. హాజరు పుస్తకం కనపడలేదన్నారు, గేటు పుస్తకం కాలిపోయిందన్నారు. ఆ మనిషి పేలుడుకు ముందే గేటు దాటి పోయాడని వాచ్‌మన్ చేత చెప్పించి చేతులు దులుపుకున్నారు. గేటు దాటినవాడు ఇంటికెందుకు రాలేదంటే దానికి ఊరే జవాబు చెప్పింది. ఇంకో ఊళ్ళో ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడంది. స్టేషనులో చూశామన్నవాళ్ళు పుట్టుకొచ్చారు. ఊరి నోటికి మూత ఎవడు పెట్టగలడు?

వదినకు అప్పుడు ఇరవై నాలుగు. ఆ రోజు నుంచి ఆవిడ ఊళ్ళో పారిపోయినవాడి పెళ్ళాం. దర్జీ షాపులకు కాజాలు కుట్టి మరిదికి అన్నం పెట్టింది, బైండింగు పని నేర్పించింది, పెళ్ళి చేసింది. ఆరేళ్ళ కిందట అతని భార్య పోతే మళ్ళీ వంట తనే చేతికి తీసుకుంది. అరవై ఏడేళ్ళ మరిదిని ఇప్పటికీ అబ్బాయ్ అనే పిలుస్తుంది. చొక్కా గుండీ ఊడితే వంటి మీద ఉండగానే కుట్టేస్తుంది.

యాభై ఏళ్ళలో ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. ఈ ఏడు అడిగింది. పేలుడు జరిగి యాభై ఏళ్ళు నిండుతాయని మున్సిపాలిటీవాళ్ళు మిల్లు జాగాలో నల్లరాతి పలక నిలబెట్టి, పోయినవాళ్ళ పేర్లు చెక్కిస్తున్నారు. జాబితాలో లేని పేరు చేర్చాలంటే ఆ మనిషి ఆ పూట లోపలికి వెళ్ళాడనీ తిరిగి బయటికి రాలేదనీ ఏదో ఒక కాగితం చూపించాలి. గడువు నెలాఖరు. ఆ సంగతి విన్న రోజున వదిన కాజా కుడుతున్న సూది పక్కన పెట్టింది.

"ఆయన వస్తాడన్న ఆశ నాకెప్పుడో పోయింది అబ్బాయ్. పారిపోలేదని ఒక్క రాయి చెబితే చాలు. నేను పోయేలోపు ఆ మాట ఎవరో ఒకరు అనాలి."

అదిగో, అప్పటి నుంచి బైండరుకు కంటి మీద కునుకు లేదు. కలెక్టరాఫీసుకు పోయాడు, కోర్టు రికార్డు రూముకు పోయాడు, మిల్లు యజమాని మనవడి గుమ్మం ఎక్కి దిగాడు. కాలికి బలపం కట్టుకుని తిరిగినా ఒక్క కాగితం ముక్క దొరకలేదు. నెలాఖరు ఇంకా ఎనిమిది రోజులుందనగా నర్సమ్మ ఫోను చేసింది.

ఆవిడ చేరిన దగ్గర్నుంచీ ఓ పని పెట్టుకుంది. సంపుటాల వెన్ను మీద రాసిన పేరును నమ్మకుండా, ఒక్కొక్క కాగితమే తిప్పి లోపల నిజంగా ఏముందో జాబితా రాస్తోంది. రోగి పేరు చీటీ మీద ఒకటుంటుంది, మంచం మీద ఇంకొకడుంటాడు అని ఆవిడ వాదన. అలా ముప్పై ఒకటో సంపుటానికి వచ్చింది. వెన్ను మీద 'గోడౌను సరుకు' అని బంగారు అక్షరాలు. మొదటి రెండు రిజిస్టర్లూ సరుకువే. మూడోది కాదు. అందులో మనుషుల పేర్లున్నాయి, వేళలున్నాయి. కాలిపోయిందన్న గేటు పుస్తకం కాలిపోలేదు. అట్టలూడి, ముఖపత్రం పోయి, కొలత కుదిరింది కదాని సరుకు పుస్తకాల పక్కన కూర్చుని ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ నెత్తి మీదే ఉంది. కొలత కుదిర్చింది బైండరే.

అతనికి చెప్పేలోపే నర్సమ్మ ఇంటికి ఫోను చేసి వదినతో చెప్పేసింది. నువ్వుగింజ సంగతి ముందే మనవి చేశాను.

ఆ ఆదివారం బైండరు బయల్దేరేటప్పటికి వదిన పెట్టెలోంచి మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది. మున్సిపాలిటీకి తనే వస్తానంది. దరఖాస్తు రాయడానికి తెల్లకాగితాలూ పెన్నూ బల్ల మీద పెట్టింది. ఏ వేళకు లోపలికి వెళ్ళాడో సరిగ్గా చూసి రమ్మంది. అతను సరేనన్నాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు, ఆ వయసులో.

గదిలో మాస్టారు అప్పటికే నిలబడి తేదీ చెబుతున్నారు. సంపుటం బల్ల మీద ఉంది. నర్సమ్మ గ్లవుజులు తొడుక్కుని, చీటీ పెట్టుకున్న చోట తెరిచింది. కుడిచేతి పుట. పైన ఆ రోజు తేదీ, కింద ఎర్రసిరా గీతలు. మొదట నంబరు, తర్వాత పేరు, సెక్షను, ఆ తర్వాత 'లోపలికి'. పదిహేడో వరసలో అన్న పేరుంది. అద్దకం. అయిదూ యాభై. గేటు గుమాస్తా అంకెలు గుండ్రంగా వేశాడు.

బైండరు ఆ పేరు మీద వేలు పెట్టబోయి ఆగాడు. యాభై ఏళ్ళ తర్వాత అన్న కనిపించాడు. పుట మీదికి తల వంచాడు. అతను ఏడుస్తున్నాడనుకుని నర్సమ్మ అటు తిరిగింది.

"మరి 'బయటికి' అన్న గడి ఏదీ?" అన్నారు మాస్టారు.

'లోపలికి' గడి తర్వాత ఎర్రగీత ఒకటుంది. గీత తర్వాత గోరంత తెల్లకాగితం, ఆ తర్వాత అంచు. నర్సమ్మ ముందు పుట తిప్పింది, వెనక పుట తిప్పింది. ఎడమచేతి పుటల్లో నంబరు గడి సగానికి పోయింది. కుడిచేతి పుటల్లో 'బయటికి' గడి అసలు లేదు. మొత్తం పుస్తకం అంతే. చిరిగి పోలేదు, ఎలుకలు తినలేదు. అద్దంలాంటి అంచు.

ఎంత తిన్నగా వచ్చింది అనుకున్నాడు బైండరు. ఇన్నేళ్ళ అలవాటు, మొదట ఆ మాటే వచ్చింది. ఆ వెంటనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అతనికి అంతా గుర్తొచ్చింది. ఈ పుస్తకం మిగిలిన రెండిటికంటే వేలెడు వెడల్పు ఎక్కువ. అలాగే కుడితే అంచు బయటికి పొడుచుకొస్తుంది, రాకులో వరస చెడుతుంది. చదివేవాడైతే అందులో ఏముందో చూసేవాడు. ఇతను కొలిచేవాడు గనక స్కేలు పెట్టి, గుర్తు వేసి, మిషను చక్రం తిప్పాడు. కంచే చేను మేసిందంటారే, అదే జరిగింది. మిల్లువాళ్ళు ఒక్క వేళనే దాచారు, అదీ నోటితో. ఇతను ఆ ఏడాది కుడిచేతి పుటలన్నిటిలోనూ ఎవరు ఎప్పుడు బయటికి వచ్చారో ఒక్క కోతకు లేపేశాడు.

"నేనే కోశాను," అన్నాడు. ఆ సంగతి వాళ్ళకు తెలియనట్టు.

మాస్టారు ఊరుకోలేదు. భూతద్దం తెచ్చి అంచు వెంట పై నుంచి కిందికి చూశారు. గేటు గుమాస్తా అంకెలు పొడుగ్గా వేసిన చోట్ల, కోతకు ఇవతల సిరా తోకలు రెండు మూడు మిగిలాయి. అన్న వరసలో తోక లేదు. తోక లేదంటే అక్కడ అంకె వెయ్యలేదు, వెయ్యలేదంటే మనిషి బయటికి రాలేదు, ఇదే ఆధారం అన్నారు మాస్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. బైండరుకు కూడా ఓ నిమిషంపాటు ప్రాణం లేచొచ్చింది.

నర్సమ్మ అద్దం తీసుకుని ఇంకో వరస వెతికింది. మాస్టారి మేనమామ అదే మిల్లులో చేసేవాడు. పన్ను నొప్పని ఎనిమిదింటికే సెలవు పెట్టి బయటికొచ్చి, బతికిపోయి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ పన్ను కథే చెప్పుకున్నాడు. ఆయన వరసలోనూ తోక లేదు.

"ఆయన బయటికి రాబట్టే కదా మాస్టారూ, మీకు సంబంధం చూసి పెళ్ళి చేశారు," అంది నర్సమ్మ మెల్లగా.

మాస్టారు అద్దం కింద పెట్టారు. ఆ పెళ్ళి తేదీ కూడా చెప్పలేదు.

ఆ రాత్రి ఇంట్లో, పుట ఇంకా పూర్తిగా చూడలేదని దాటేశాడు బైండరు. మర్నాడు వదినను పిలవకుండానే ముగ్గురూ సంపుటం పట్టుకుని మున్సిపాలిటీకి వెళ్ళనే వెళ్ళారు. అక్కడి గుమాస్తా చెడ్డవాడేం కాదు. అన్నీ విన్నాడు, పుట చూశాడు, కుర్చీలు వేయించాడు. లోపలికి వెళ్ళినట్టు ఉంది గానీ బయటికి రానట్టు లేదు కదా అన్నాడు. ఈ లెక్కన ఆ పుటలో ఉన్న నలభై మంది పేర్లూ చెక్కాల్సి వస్తుందన్నాడు. అతని మాటలో తప్పేముంది? వీళ్ళు లేవబోతుంటే అంచు మీద వేలు రాసి, ఇంత చక్కగా కోసిందెవరండీ అని మెచ్చుకున్నాడు కూడా. గోరుచుట్టు మీద రోకలిపోటు.

మెట్ల మీద మాస్టారు అడిగారు, ఆ కోసిన ముక్కలు ఎక్కడైనా ఉన్నాయేమోనని. అడిగాక ఆయనకే గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. ఆ చలికాలం జిగురు గడ్డకట్టిపోతుంటే బైండరు గది మూలన పొయ్యి పెట్టుకున్నాడు. కట్టెలు కొనడం దేనికని, కోసిన అంచులను ఎనిమిది బస్తాలకెత్తి, పిడికెడు పిడికెడు తీసి జిగురుగిన్నె కింద వేసి మండించాడు. పొడికాగితం, మంట బాగా వచ్చేది. మిల్లు మళ్ళీ రాజుకుంది మాస్టారూ అని నవ్వేవాడు. మాస్టారూ చలి కాచుకుంటూ నవ్వేవారు. అన్న బయటికి రాలేదన్న మాట ఆ మంటలోనే పోయింది. వచ్చాడన్న మాటైనా అందులోనే పోయింది. ఏ మాట పోయిందో కూడా ఇక ఎవరికీ తెలియదు. బైండరును లోపల తినేస్తున్నది అదే.

ఆ సాయంత్రం అతను ఇంటికి నేరుగా రాలేదు. మూడు వీధులు చుట్టి వచ్చాడు. దారి పొడుగునా చెప్పవలసింది నోట్లో అనుకుంటూనే ఉన్నాడు. కోశాను వదినా, కోసింది కాల్చేశాను, నన్ను క్షమించు. మూడే ముక్కలు. నీళ్ళు నమలకుండా గుమ్మంలోనే చెప్పేయాలనుకున్నాడు.

వదిన ఇస్త్రీ బట్టలు కట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచీ అలాగే ఉన్నట్టుంది, మడతలు నలిగాయి. అతను చెప్పులు విప్పకుండానే, లోపలికి వెళ్ళినట్టు ఉంది వదినా అన్నాడు. అయిదూ యాభై అన్నాడు.

"అయిదూ యాభై," అంది ఆవిడ. "ఆ పూట మనింట్లో గడియారం ఆగిపోయింది, నీకు గుర్తుందో లేదో. ఆలస్యమైందని టీ సగంలో వదిలేసి పరిగెత్తాడు. షిఫ్టు అందిందో లేదో రామా అని పేలుడు వినపడేదాకా అనుకుంటూనే ఉన్నాను. అందిందన్నమాట."

మొహంలో ఓ చిన్న వెలుగు వచ్చింది, బైండరు దాన్ని చూడలేక గోడ వైపు చూశాడు. బయటికి రాలేదని ఉందా అని అడిగింది. ఆ గడి కోతలో పోయిందని అతను చెప్పాడు. ఎవరు కోశారంది. నేనే అన్నాడు. ఆవిడ అతని చేతుల వంక చూసింది. తను కాజాలు కుట్టి పని నేర్పించిన చేతులు. తిట్టి ఉంటే బాగుండేది. అతను తిట్ల కోసమే తల వంచుకుని నిలబడ్డాడు.

"కోసిన ముక్కలు ఏం చేశావు అబ్బాయ్?"

కత్తెర ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడిగింది. కోపం లేదు, తొందర లేదు. పోయింది దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాళ్ళు అడిగే తీరది. కాల్చేశాను అన్న మాట అతని గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"బస్తాల్లో ఉన్నాయి. సంఘం గదిలో, అటక మీద."

"ఎన్ని బస్తాలు?"

"ఎనిమిది."

ఆ అంకె మాత్రం నిజం.

"అయితే వెతుకు," అంది వదిన. లేచి బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఈ సంగతి విని మాస్టారు తప్పన్నారు. తనే వెళ్ళి నిజం చెప్పేస్తానని లేచారు, తలుపు దాకా పోయారు, ఆ పొయ్యి దగ్గర తను నవ్విన నవ్వు గుర్తొచ్చిందేమో వెనక్కొచ్చి కూర్చున్నారు. నర్సమ్మ లేవలేదు.

"నేనూ ఆసుపత్రిలో అబద్ధాలు చెప్పాను," అంది. "చాలామందికి చెప్పాను. అన్నీ రెండ్రోజుల అబద్ధాలండీ. మీది ఎన్నాళ్ళదో మీకు తెలుసా?"

అయినా ఆవిడ వదినతో ఒక్క ముక్క అనలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానడం అదే మొదలు.

నెలాఖరు దాటింది. రాతిపలక నిలబెట్టారు, ఉపన్యాసాలయ్యాయి, ఇరవైమూడు పేర్లే ఉన్నాయి. జనం వెళ్ళిపోయాక వదిన పలక దగ్గరికి పోయి, ఆఖరి పేరు కింద చెయ్యి అడ్డంగా పెట్టి కొలిచింది. నాలుగు వేళ్ళ జాగా ఉంది, ఒక్క పేరుకు బోలెడు అని మరిదితో చెప్పింది. దొరికాక చెక్కించుకోవచ్చు, రాయి ఎక్కడికీ పోదు కదా అంది. అతను తల ఊపాడు. ఆ రోజు అతనికి అక్కడే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

ఇప్పుడు ఆదివారం వస్తే బైండరు సంఘానికి వెళ్తాడు. ఫొటో గోడ మీంచి తీసేశాడు, మేకు అలాగే ఉంది. కొత్తగా వచ్చే పుస్తకాలను కుడతాడు గానీ అంచు ముట్టుకోడు. అవి రాకులో ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ నిలబడి ఉంటాయి. ఆ తర్వాత చీకటి పడేదాకా ఖాళీ అటక కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మాస్టారు ఆ వైపు చూడరు. నర్సమ్మ ఒక గ్లాసు టీ పక్కన పెట్టి తన పని తను చేసుకుంటుంది.

ఇంటికి రాగానే వదిన అడుగుతుంది, దొరికిందా అని. లేదంటాడు. ఎన్ని బస్తాలయ్యాయంటుంది. మొదటి బస్తా ఆరు నెలలు నడిపించాడు. ముక్కలు సన్నంగా ఉంటాయి, ఒక్కొక్కటే చూడాలి, చెమ్మకు అతుక్కుపోయాయి అని ఏవేవో చెప్పాడు. రెండోది ఎనిమిది నెలలు. మూడోది ఇంకా నడుస్తోంది. వదినకు డెబ్భై ఆరు వచ్చాయి, మోకాళ్ళు ఉబ్బుతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం. ఒక ఆదివారం ఆ కుర్చీలో కూర్చుని బైండరు తను చేస్తున్న లెక్కేమిటో ఉన్నట్టుండి తెలుసుకున్నాడు. మిగిలిన అయిదు బస్తాలనూ ఎన్నేళ్ళు లాగగలనా అని చూస్తున్నాడు. అంటే వదిన ఎన్నేళ్ళుంటుందా అని చూస్తున్నాడు. బస్తాలకంటే ముందు ఆవిడే అయిపోవాలని కోరుకుంటున్నాడు. తల్లిలాంటి మనిషి గురించి. నలభై ఏళ్ళు కొలిచి కొలిచి, ఆఖరికి ఇది కూడా కొలిచాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఇక వెతకడం మానేయనా వదినా అని మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళు వెతికినా దొరకనిది ఇక దొరుకుతుందా, ఎందుకు ఈ ఎదురుచూపు అన్నాడు. తర్వాతి మాట అదే, కాల్చేశాను అన్నది. వదిన మధ్యలోనే అందుకుంది.

"రాని మనిషి కోసం యాభై ఏళ్ళు చూశాను అబ్బాయ్. ఉన్న కాగితం కోసం చూడలేనా?"

పైగా అతని కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. ఆదివారాలు అక్కడ కూర్చుని కూర్చుని చిక్కిపోతున్నావంది. తన కోసం ఇంత పాటు పడేవాడు ఈ భూమ్మీద ఇంకెవరున్నారంది. అతను తిన్నాడు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. బైండరు చెప్పులు వేసుకుని వీధిలోకి అడుగు పెట్టాడో లేదో వెనక నుంచి వదిన పిలిచింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. ఆయాసం తీరేదాకా ఆగి, చేతిలోది అతనికి అందించింది.

"కళ్ళద్దాలు మరిచిపోయావు. ఇవి లేకుండా ఏం వెతుకుతావు?"

బైండరు అద్దాలు తీసుకుని జేబులో పెట్టుకోబోయాడు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. కళ్ళకు పెట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాడు.